ముప్పై రోజుల గడువు: తల్లిదండ్రులపై వచ్చిన ఉత్తర్వుకు అప్పీలు

(తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం వినడానికి ఇంపైనది కాదు. 'నీవు నీ బిడ్డను హింసించావు, ఆ బిడ్డను పెంచడానికి నీవు తగవు' అని ఒక అధికార సంస్థ కాగితంపై రాసి చేతికిచ్చినప్పుడు తల్లి గాని, తండ్రి గాని ఏమి చేయాలన్నది ఆ అంశం. స్కాలర్‌షిప్పుల గురించిన సభ అయితే ఈ హాలు నిండి ఉండేది. ఈ రోజు వెనుక వరుసలు ఖాళీగానే ఉన్నవి. ఇటువంటి ఆపద మన గడప తొక్కదన్న ధీమా అందరికీ ఉంటుంది. నేను వకీలును కాను. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాడిని. ఉత్తర్వు ఎలా పుడుతుందో, దానిలో ఏ వాక్యం మీద మిగిలినదంతా నిలబడి ఉంటుందో కొంత తెలుసు. ఆ తెలిసినంత మేరకే మాట్లాడతాను.

మన దేశంలో ఈ అధికారం 2015 నాటి బాల న్యాయ చట్టం నుంచి వస్తుంది. దానినే జువెనైల్ జస్టిస్ చట్టం అంటారు. అది 2016 జనవరి 15 నుంచి అమలులో ఉన్నది. దాని కింద ఏర్పడే బాలల సంక్షేమ సమితిలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. ఇది సలహాలిచ్చే సంఘమని మనలో చాలామంది అనుకుంటారు. ప్రథమశ్రేణి మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలు దానికి ఉన్నవి. పోలీసులు కావచ్చు, ఉపాధ్యాయులు కావచ్చు, వైద్యులు కావచ్చు, ఎవరైనా ఒక బిడ్డను ఆపదలో ఉన్నట్లు గుర్తిస్తే, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటలలోగా సమితి ముందు హాజరు పరచాలి. ఆపై విచారణ సాగుతుంది. సామాజిక దర్యాప్తు 15 రోజులలో పూర్తి కావాలి, మొదట హాజరు పరచిన నాటి నుంచి నాలుగు నెలలలోగా తుది ఉత్తర్వు రావాలి. తనతో నివసించే వ్యక్తి చేతిలో గాయపడిన బిడ్డను, హింసకో నిర్లక్ష్యానికో గురైన బిడ్డను, 'అనర్హులు' అని సమితి తేల్చిన తల్లిదండ్రుల బిడ్డను 'సంరక్షణ అవసరమైన బిడ్డ'గా ప్రకటించవచ్చునని చట్టం చెబుతున్నది. ఆ 'అనర్హులు' అన్న ఒక్క మాట గురించే ఈనాటి నా ప్రసంగమంతా.

ఒక ఉదంతం చెబుతాను. ఊరు, పేర్లు చెప్పను. చెప్పరాదు కూడా, కారణం తరువాత వివరిస్తాను. ఎనిమిదేళ్ళ అబ్బాయికి కామెర్లు వచ్చినవి. తండ్రి కువైట్‌లో డ్రైవరు. తల్లి ఇంట్లో కుట్టు మిషను మీద బతుకుతున్నది. ఆమె పిల్లవాణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళింది, మందులూ వాడింది. అయినా నానీమా ఊరుకోలేదు. పక్క ఊరిలో వాతలు పెట్టే మనిషి వద్దకు తీసుకువెళ్ళి ముంజేతి మీద రెండు వాతలు పెట్టించింది. బడిలో టీచరు ఆ మచ్చలు చూసి 1098కి ఫోను చేసింది. ఆ టీచరును మన వాళ్ళు ఎన్ని మాటలన్నారో నాకు తెలుసు. ఆమె చేసినది చట్టం ఆమె నుంచి ఆశించిన పనే. కాలిన మచ్చ చూసి కూడా మౌనంగా ఉండే టీచరు చేతిలో నా మనుమణ్ణి పెట్టడానికి నేను ఒప్పుకోను.

పిల్లవాణ్ణి బాలల గృహంలో ఉంచారు. ఐదు వారాల తరువాత ఉత్తర్వు వచ్చింది. తల్లి బిడ్డను హింసించినదని, పోషణకు అనర్హురాలని అందులో రాశారు. ఆమె ఆ కాగితాన్ని మడిచి కుట్టు మిషను సొరుగులో పెట్టింది. తెలుగు మాట్లాడగలదు గాని చదవలేదు. 'ఇంకేముంది భాయిసాబ్, సర్కారు రాసేసింది గదా' అన్నది నాతో. అప్పటికి ఉత్తర్వు వచ్చి పందొమ్మిది రోజులైనది.

సర్కారు రాసినది తిరగరాయించడానికి చట్టంలోనే దారి ఉన్నది. సెక్షన్ 101 ప్రకారం, సమితి ఉత్తర్వు వలన నష్టపోయిన ఏ వ్యక్తి అయినా ఉత్తర్వు తేదీ నుంచి ముప్పై రోజులలోగా బాలల న్యాయస్థానానికి, అంటే సెషన్స్ స్థాయి కోర్టుకు, అప్పీలు చేసుకోవచ్చు. దత్తు కాకుండా తాత్కాలికంగా మరొక కుటుంబానికి అప్పగించే ఫోస్టర్ కేర్ వంటి నిర్ణయాలపై మాత్రం అప్పీలు జిల్లా మేజిస్ట్రేటు వద్దకు, అంటే కలెక్టరు వద్దకు వెళుతుంది. తగిన కారణం చూపగలిగితే గడువు దాటిన తరువాత కూడా స్వీకరించే వీలున్నది. ఆ వీలును నమ్ముకుని కూర్చోవద్దు. 'తెలియదు' అన్న మాటను ప్రతి కోర్టూ తగిన కారణంగా అంగీకరించదు. ఉత్తర్వు చేతికి వచ్చిన రోజే ధ్రువీకృత నకలు కోసం దరఖాస్తు పెట్టి, పెట్టినట్లు రసీదు తీసుకోండి. నకలుకు పట్టిన రోజులను గడువు లెక్కలోంచి మినహాయించాలని కోరడానికి ఆ రసీదే ఆధారం. అప్పీలును ముప్పై రోజులలో తేల్చాలని చట్టమే చెప్పినది. సెషన్స్ కోర్టు తీర్పుపై రెండవ అప్పీలు లేదు గాని, రికార్డు తెప్పించి చూసే అధికారం సెక్షన్ 102 కింద హైకోర్టుకు ఉన్నది.

ఖర్చు మాట అడుగుతారు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయ పరిమితితో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది, 15100కు ఫోను చేసినా చాలును. ఆ తల్లి తరఫున వాదించినది అక్కడి ప్యానెల్ వకీలమ్మే. ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఇక అసలు పని, ఫైలు చదవడం. దర్యాప్తు నివేదిక రహస్యమని, చూపరాదని కార్యాలయాలలో చెబుతారు. అది సగం నిజం. నివేదికలు గోప్యమని చెప్పే సెక్షన్ 99లోనే, వాటి సారాంశాన్ని తల్లిదండ్రులకు తెలిపి, అందులోని విషయాలపై సాక్ష్యం ఇచ్చుకునే అవకాశం సమితి కల్పించవచ్చునని కూడా ఉన్నది. అడగనిదే ఎవరూ ఇవ్వరు. కనుక లిఖితపూర్వకంగా అడగాలి. నిరాకరిస్తే ఆ నిరాకరణే అప్పీలులో ఒక అంశం అవుతుంది. నిష్పాక్షిక విచారణ, పక్షపాతం లేకపోవడం, పునఃపరిశీలన హక్కు ఈ చట్టపు మూల సూత్రాలలోనే ఉన్నవి. బిడ్డ పోషణలో ప్రథమ బాధ్యత కన్న కుటుంబానిదని, సంస్థలో ఉంచడం చివరి మార్గమని కూడా మూడవ సెక్షనులోనే రాసి ఉన్నది. ఉత్తర్వుపై సంతకాలు లెక్కపెట్టండి. తుది పరిష్కార సమయంలో కనీసం ముగ్గురు సభ్యులు హాజరై ఉండాలి. గుమాస్తా బుద్ధి అని నవ్వుతారేమో గాని, నేను ఏ ఉత్తర్వునైనా మొదట చివరి పుట నుంచే చదువుతాను.

ఆ తల్లి ఉత్తర్వులో సంతకాలు సరిగానే ఉన్నవి. లోపం లోపల ఉన్నది. తండ్రి ఆచూకీ తెలియదని రాశారు. ఆయన నెలనెలా పంపిన డబ్బు బ్యాంకు పాసుపుస్తకంలో కనబడుతున్నది. బిడ్డను బడికి సక్రమంగా పంపడం లేదని రాశారు. హాజరు పట్టీ తెప్పిస్తే, కామెర్ల రోజులు తప్ప ఎక్కడా ఖాళీ లేదు. ఆసుపత్రి ఓపీ చీటీ ప్రస్తావనే లేదు. అన్నిటికన్నా ముఖ్యం, 'తల్లి అంటే భయం' అని పిల్లవాడు చెప్పినట్లు ఒక వాక్యం. ఆ పిల్లవాడు ఇంట్లో ఉర్దూ తప్ప మాట్లాడడు. వాంగ్మూలం తెలుగులో ఉన్నది. ఎవరు అనువదించారో ఎక్కడా లేదు. ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటా 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను రెండవ అధికార భాష అయినది. ఆ హోదా బోర్డుల మీద కనబడితే సంతోషిస్తాము గాని, మన పిల్లవాడి నోటి మాటను అతని భాషలోనే నమోదు చేయండని అడగడం మనకు తోచదు.

వకీలమ్మ ఆ కుటుంబానికి ఒక మాట గట్టిగా చెప్పింది. వాతలు పెట్టలేదని బొంకవద్దు. మచ్చ చేతి మీద ఉన్నది. అబద్ధం ఆడితే మిగిలిన నిజాలు కూడా చెడిపోతాయి. కాబట్టి అప్పీలులో జరిగినది ఒప్పుకున్నారు. నానీమా చేత కూడా ప్రమాణ పత్రం ఇప్పించారు. కోరినది రెండు విధాలు. 'హింసించినది, అనర్హురాలు' అన్న నిర్ధారణ కొట్టివేయాలి. అది వీలుకాని పక్షంలో, బిడ్డను అధికారుల పర్యవేక్షణలో తల్లి వద్దనే ఉంచాలి. సెక్షన్ 37 ప్రకారం పర్యవేక్షణతో బిడ్డను కుటుంబానికి తిరిగి అప్పగించే వీలున్నది. 'మా బిడ్డ మా ఇష్టం' అన్న వాదన ఏ కోర్టులోనూ నిలవదు, నిలవకూడదు. న్యాయస్థానం నిర్ధారణను రద్దు చేసి, ఉర్దూ తెలిసినవారి సహాయంతో మళ్ళీ వినమని సమితికి పంపింది. సమితి మళ్ళీ విన్నది, పర్యవేక్షణతో పంపించింది. మొత్తం రెండున్నర నెలలు. పిల్లవాడు వచ్చాక కొన్ని వారాలు తల్లిని వదిలి నిద్రపోలేదని విన్నాను.

బిడ్డ తిరిగి వస్తే చాలునని అప్పీలు వదిలేసే కుటుంబాలు ఉన్నవి. ఫైలులోని మాట దానంతట అది చెరిగిపోదు. రేపు మరొక ఫిర్యాదు వచ్చినా, భార్యాభర్తల మధ్య బిడ్డ కోసం దావా నడిచినా, ఎదుటి పక్షం మొదట తీసేది ఆ పాత ఉత్తర్వునే. అదే విధంగా, పోలీసు కేసు వేరు, సమితి ఉత్తర్వు వేరు. బిడ్డ పట్ల క్రూరత్వానికి సెక్షన్ 75 కింద మూడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. ఒకటి గెలిస్తే రెండవది తనంతట తానే పోతుందని అనుకోవద్దు.

మన జమాఅత్ పెద్దలు నన్ను క్షమించాలి, ఇప్పుడు చెప్పేది వారికి నచ్చకపోవచ్చు. ఆ ఉదంతంలోనే, నేను వెళ్ళడానికి ముందు నలభై మంది సమితి కార్యాలయానికి వెళ్ళి నినాదాలు చేసి వచ్చారు. మరునాడు 'బయటి వ్యక్తుల ఒత్తిడి' అని ఫైలులో ఒక నోటు చేరినది. అప్పీలులో ఎదుటి పక్షం దానినే చదివి వినిపించింది. ఇంకొక కుర్రవాడు పిల్లవాడి ఫోటో వాట్సాప్‌లో పెట్టాడు. అటువంటి బిడ్డ గుర్తింపు బయటపెట్టడం సెక్షన్ 74 ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. నేను పేర్లు చెప్పనిది అందుకే. సమితి తీరుపై ఫిర్యాదు ఉంటే కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు, సెక్షన్ 27 ఆ అవకాశం ఇస్తున్నది. ఒక్క మనిషి, ఒక్క దరఖాస్తు, ఒక్క రసీదు. నలభై మంది చేయలేనిది అది చేస్తుంది.

మరొక మాట. మన వద్దకు వచ్చే ప్రతి తండ్రీ అన్యాయానికి గురైనవాడు కాడు. బెల్టుతో కూతురిని కొట్టి ఆసుపత్రి పాలు చేసిన ఒకాయన, మైనారిటీ అని తనపై కక్ష కట్టారంటూ అప్పీలు రాసిపెట్టమని వచ్చాడు. వకీలును పెట్టుకునే హక్కు ఆయనకు ఉన్నది, నా కలం ఇవ్వనన్నాను. ఆ అమ్మాయిని తన వద్ద ఉంచుకుంటానని ముందుకు వచ్చిన ఖాలాకు దరఖాస్తు రాసిపెట్టాను. వివక్ష ఉన్నచోట వివక్ష అని చెప్పడానికి మన మాటకు విలువ మిగలాలంటే, లేనిచోట ఆ మాట వాడరాదు.

బిడ్డను ఇంటికి దూరంగా ఉంచిన కాలంలో అతని మతం, భాష ఏమవుతాయని తల్లులు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. మన దేశం 1992లో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణం, అటువంటి బిడ్డ మత, సాంస్కృతిక, భాషా నేపథ్యాన్ని గమనంలో ఉంచుకోవాలంటున్నది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కూడా సంరక్షకుణ్ణి నియమించేటప్పుడు బిడ్డ మతాన్ని చూడమంటుంది. నార్వేలో ఒక సోమాలీ తల్లి ఈ ప్రశ్న మీదనే సుమారు పదేళ్ళు పోరాడినది. 2010లో ఆమె పసిబిడ్డను తీసుకుని క్రైస్తవ కుటుంబం వద్ద ఉంచారు. ముస్లిం లేదా సోమాలీ కుటుంబం వద్ద ఉంచమని ఆమె కోరినా జరగలేదు. చివరకు ఆ కుటుంబానికే దత్తు ఇచ్చారు. దేశంలోని కోర్టులన్నీ దాటి యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళితే, 2021 డిసెంబరు 10న విస్తృత ధర్మాసనం ఏకగ్రీవంగా ఆమె హక్కుల ఉల్లంఘన జరిగినదని తీర్పు చెప్పినది. గమనించండి, అదే మతపు కుటుంబాన్ని ఎలాగైనా చూపి తీరాలని ఆ కోర్టు అనలేదు. అందుకు తగిన ప్రయత్నం చేయాలన్నది, తల్లితో బంధం నిలిపే శ్రద్ధ కనబడలేదన్నది. ఆమె మొదటి నుంచీ కోరి ఉండడం వలననే ఆ మాట అన్నేళ్ళ తరువాత కూడా రికార్డులో నిలిచి ఉన్నది. మీరు కూడా మొదటి రోజే కోరండి. మా బిడ్డకు ఉర్దూ మాట్లాడేవారు కావాలి, హలాల్ భోజనం కావాలి, నమాజుకు వీలు కావాలి, దగ్గరి బంధువులలో ఫలానా వారు ఉంచుకోగలరు అని.

బల్ల మీద రెండు నమూనా దరఖాస్తులు, తెలుగులోను ఉర్దూలోను పెట్టించాను. ఒకటి ఉత్తర్వు నకలు కోసం, రెండవది సెక్షన్ 99 కింద నివేదిక సారాంశం కోసం. తేదీ వేసే చోటు ఖాళీగా ఉంచాను. తీసుకువెళ్ళండి. అడగవలసిన ప్రశ్నలుంటే, తమ ఇంటి సంగతి నలుగురిలో చెప్పలేనివారు సభ తరువాత పక్క గదికి రావచ్చు, అక్కడ వకీలమ్మ కూడా ఉన్నారు.