మా తడికగోడ



మాది ధర్మపురి. గోదావరికి దక్షిణపు టొడ్డున నున్న క్షేత్రము. ఆ నదికి ఉత్తరముగా, ఉట్నూరు అడవుల నడుమ, నలుబది యేండ్లుగా మేము కాపురము చేయుచున్నాము. ఈ రెండుచోట్లకు నడుమ దూరము బస్సులో నొకపూట ప్రయాణము మాత్రమే. కాని క్రొత్తచోట కాపురము పెట్టినవానికి దూరము మైళ్లవలన దెలియదు. మొదటి చలికాలమున దెలియును. ఆ చలికాలమున మేము పడిన పాట్లను, ఒక్క గోడను నిలుపుకొన్న విధమును ఈపూట మీకు విన్నవించుకొందును.

1985వ సంవత్సరమున నాకు ఉట్నూరు ప్రాంతపు పల్లె యొకదానియందు తెలుగు పండితుడుగా నుద్యోగమైనది. నాడు ధర్మపురి కరీంనగరు జిల్లాలోనిది. 2016లో జిల్లాలు విభజింపబడిన పిమ్మట జగిత్యాల జిల్లాలో జేరినది. ఉట్నూరు మాత్రము నాడును నేడును ఆదిలాబాదు జిల్లాలోనిదే. దసరా గడచిన తరువాత నా భార్యను, ఎనిమిది నెలల పాపను వెంటబెట్టుకొని గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారముల మీదుగా, టేకువనముల నడుమ సాగు త్రోవను ఈ పల్లెకు జేరితిని.

మాకు దొరికినది రెండు గదుల యిల్లు. పైన గూనపెంకు. మూడువైపుల మట్టిగోడలు, ఉత్తరపువైపున మాత్రము వట్టి వెదురుతడిక. దానిపై పూర్వ మెవరో పూసిన మట్టి చాలవరకు రాలిపోయినది. ఆదిలాబాదుసీమ మన రాష్ట్రమునకు ఉత్తరపు కొన. సముద్రపు గాలి సోకనిచోటు; ఉత్తరపుగాలి యడ్డులేక దిగుచోటు. కొన్ని యేండ్లలో మార్గశిర పుష్యములయందు తెల్లవారుజామున 5 డిగ్రీలకు దిగువ చలి పడును. గోదావరి గట్టున బెరిగిన మాకు ఆ చలి క్రొత్త. మా యమ్మ యిచ్చిన గొంగడిని మొదట తడికకు వ్రేలాడగట్టితిమి. అప్పుడు కప్పుకొనుటకు గొంగడి లేకపోయెను.

మా పొరుగున నొక కొలాము వృద్ధుడుండెను. కొలాములు ఈ యడవుల పూర్వవాసులు. వారి కొలామీభాష మన తెలుగువలెనే ద్రావిడభాష. వెదురుపనిలో వారిని మించినవారు ఈ ప్రాంతమున లేరు. మేము వచ్చిన మరునాడే ఆయన మా తడికను తట్టిచూచి, “సారూ, ఇది చలికి ఆగదు. నేను అల్లి పెడత” అనెను. “అక్కరలేదు, నేనే చేసికొందును” అని పలికితిని.

ఆ మాటకు కారణమును నేడు దాచను. పని తెలిసి యట్లనలేదు. మడి, ఆచారము అను పేర మాకు చిన్ననాటనుండి నేర్పిన యెడము నాలో నుండెను. ఆయన మా యింటిలోనికి వచ్చుట నాకు సమ్మతము కాదు. అమరకోశమున గోడకుగల పేర్లన్నియు నాకు కంఠస్థములు. ఒక గోడ కట్టుట మాత్రము తెలియదు.

ఒక యాదివారమున ప్రక్కచేనిలోని నల్లరేగడిమట్టిని గంపలతో దెచ్చి, నీళ్లుపోసి కలిపి, తడికపై దట్టముగా మెత్తితిని. సాయంకాలమునకు నున్నగా కనబడెను. భార్యను పిలిచి చూపి సంతోషించితిని. నాలుగు దినములు గడచునప్పటికి అరచేయంత పెళ్లలుగా పగిలెను. పగుళ్లలోనుండి గాలి యీలవేసెను. ఆ రాత్రి పాపకు దగ్గు పట్టుకొన్నది. ఊపిరి తీయుచుండగా ఎదలో గురగుర వినవచ్చెను. తెల్లవార్లు మేమిద్దరము దానిని మార్చిమార్చి ఎత్తుకొని తిరిగితిమి. కోడికూత వేళకు నా భార్య మెల్లగా, “పొద్దున బస్సుకు నన్ను, పిల్లను ధర్మపురికి పంపుండ్రి. మీ గోడ నిలవడ్డనాడు వస్తం” అన్నది. ఆమె మాటలో కోపములేదు. కోపమున్నచో నేను బదులు చెప్పియుందును.

తెల్లవారగనే పాపను ఉట్నూరు వైద్యునకు జూపి మందు దెచ్చితిమి. తిరిగివచ్చి నేరుగా ఆ వృద్ధుని వాకిటికి బోయి, “తాతా, నాకు చేతకాలేదు” అంటిని. ఆయన నవ్వలేదు. “నల్లమట్టి నీళ్లు తాగి ఉబ్బుతది, ఎండితె ముడుచుకొని పగులుతది. పుట్టమన్ను కావాలె” అనెను.

పిమ్మట జరిగినపని యిది. ఆయన పచ్చివెదురును నిలువున చీల్చి, సన్నని బద్దలు దీసి, పాత తడికకు బిగువుగా రెండవ అల్లిక నల్లెను. విడిచిన పుట్టల మన్ను తెచ్చి, చిన్నచిన్నగా నరికిన గడ్డిని, ఆవుపేడను కలిపి, నీళ్లుపోసి నాలుగు దినములు నాననిచ్చితిమి. ప్రతిదినము కాళ్లతో త్రొక్కితిమి. గడ్డిపోచలు మట్టిని పట్టియుంచును, పేడ జిగినిచ్చును. మొదటి పూత లోపలను వెలుపలను పలుచగా వేసి, నీడను ఆరనిచ్చి, సన్నని పగుళ్లను తడిచేతితో మూసి, రెండవ పూత వేసితిమి. మట్టి త్రొక్కుటలో నా భార్య నాకంటె నేర్పరి యయ్యెను. ప్రయాణపుమాట ఆమె మరల నెత్తలేదు.

గోడపైని చూరుక్రింద జానెడు సందు విడువవలెనని ఆయన పట్టుపట్టెను. “అంత చేసి మరల గాలిని పిలుతుమా?” అంటిని. “రాత్రి కుంపటి పెడుతరు గద. పొగ ఏడికి పోవాలె?” అనెను. మూసిన గదిలో బొగ్గులకుంపటి ప్రాణము దీయునని పుస్తకములలో చదివినవాడను నేనే. గోడ కట్టుచున్నప్పుడు జ్ఞాపకముంచుకొన్నవాడు ఆయన.

పని ముగిసిన సాయంకాలము ఆయన మా గదిలో, ఆ గోడకే వీపు నానించి కూర్చుండెను. నా భార్య మేము త్రాగు గ్లాసులలోనే యొకదానితో ఆయనకు చాయ యిచ్చి, నావైపు చూచెను. నేను తలవంచి నా గ్లాసు నందుకొంటిని. మా యింట ఆ యాచారము ఆనాటితో ముగిసినది. వేసవిలో మా యమ్మ వచ్చి ఈ సంగతి విని రెండుదినములు నాతో మాటాడలేదు. మూడవనాడు ఆ వృద్ధుడు మనుమరాలికి వెదురుతో ఊయలతొట్టె అల్లి తెచ్చినప్పుడు, ఆయనను కూర్చుండుమని పీట వేసినది ఆమెయే.

అటుపిమ్మట ఇంటిపనులు మాకు వేడుక లైనవి. నా భార్య పొరుగువారివద్ద జొన్నరొట్టె చరచుట నేర్చెను. నేను నిర్మలునుండి పొనికికర్ర తెచ్చి పాపకు బొమ్మ చేయబూనితిని. పొనికి మిక్కిలి తేలికయైన కఱ్ఱ. నిర్మలు నకాషీ పనివారు చింతగింజల జిగురులో ఱంపపుపొట్టు కలిపి బొమ్మల యతుకులను పూడ్తురు. నేనును అట్లే చేసితిని. ఆవును చేయబోగా అది కుక్కవలె నయ్యెను. పాప దానిని కొలామీలో పేరుపెట్టి పిలుచుచు, కాళ్లు విఱుగువఱకు ఆడుకొన్నది.

ఈ యడవులలో మాకంటె ముందు వచ్చి వెలసినవారున్నారు. 1940లో జోడేఘాటున కుమ్రం భీము మరణించిన పిమ్మట, గోండుల స్థితిగతులు పరిశీలింప వచ్చిన హైమెన్‌డార్ఫు మర్లవాయిలో నివసించెను. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది. ఆయన భార్య బెట్టీ సమాధి యక్కడనే యున్నది. అంతదూరపు దేశమునుండి వచ్చినవారు ఇక్కడివారి భాష నేర్చుకొనిరి. గోదావరి దాటి వచ్చిన నేను మొదట పొరుగువాని మాటయే వినకపోతిని!

తరువాత ఇటుకల యిల్లు కట్టుకొంటిమి. ఆ వృద్ధుడు గతించి చాలకాలమైనది. తడికగోడగల గది మాత్రము పెరటివైపున నిలిచియున్నది. వానలు వెడలినపిమ్మట, దీపావళికి ముందు, ఏటేట దానికి పూత వేయుదుము. మోకాళ్ల నొప్పిచే ఈసారి త్రొక్కుట నాకు కష్టమైనది. గది తీసివేయుదమా యని నా భార్య నడిగితిని. “వచ్చే ఏడు చూద్దం” అన్నది. ఆ మాట నాలుగేండ్లుగా వినుచున్నాను.

ఉద్యోగములకై ఈ సీమకు క్రొత్తగా వచ్చువారికి నా మనవి యొక్కటే. చలికి ముందే ఉత్తరపుగోడ చూచుకొనుడు. మట్టి తేబోవుటకు ముందు పొరుగువారిని అడుగుడు. వారు తామై వచ్చి చెప్పినచో, లోపలికి పిలిచి కూర్చుండబెట్టి వినుడు.

సెలవు.