మద్రాసు నుంచి టమక దాకా

కర్ణాటక చిక్కబళ్ళాపురం జిల్లాలోని బాగేపల్లిలో, చింతామణిలో, గుడిబండలో డిగ్రీ ఫలితాల కోసం ఎదురుచూసే ఇళ్ళు ఏటా వందల్లో ఉంటాయి. ఆ ఫలితాలు ఇప్పుడు కోలారు పక్కన టమకలో ఉన్న బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం నుంచి వస్తున్నాయి. నూట నలభై ఏళ్ళ కిందట ఇదే నేల మీది పిల్లవాడు మద్రాసు కబురు కోసం కాచుకుని కూర్చోవలసి వచ్చేది. ఒక చదువుకు డిగ్రీ ఇవ్వవచ్చని ఎవరు తేలుస్తారు? ఆ చదువు పిల్లవాడికి వంటబట్టిందో లేదో ఎవరు చూస్తారు? ఈ రెండు ప్రశ్నలూ మన ప్రాంతంలో ఎలా నడిచి వచ్చాయో ఈ ప్రసంగంలో చెబుతాను.

ముద్దేనహళ్ళి నుంచి మొదలుపెడదాం. 1861లో అక్కడ పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఇంటి భాష తెలుగు. పూర్వీకులు గిద్దలూరు వైపున్న మోక్షగుండం నుంచి వలస వచ్చినవాళ్ళు. చిక్కబళ్ళాపురంలో చదువుకుని, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చేరి, 1881లో బి.ఏ. పూర్తి చేశారు. పాఠం చెప్పింది బెంగళూరులో, పట్టా ఇచ్చింది మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయం. 1857లో లండన్ నమూనాలో పెట్టిన ఆ విశ్వవిద్యాలయం తొలి దశాబ్దాల్లో తాను పాఠాలు చెప్పేది కాదు. పాఠ్యాంశాలు నిర్ణయించడం, ప్రశ్నపత్రం తయారు చేయడం, జవాబులు దిద్దడం, పట్టా ఇవ్వడం, ఇదే దాని పని. మైసూరు సంస్థానం తన ఖజానా నుంచి కాలేజీలు నడుపుతున్నా, ఆ కాలేజీల్లో ఏం చదవాలన్నది మద్రాసు సెనేటు చేతిలో ఉండేది. పిల్లవాణ్ణి రోజూ చూసే అయ్యవారికి వాడి పట్టా విషయంలో చెప్పుకోదగ్గ మాట లేదు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యగారు పుణెలో ఇంజనీరింగు చదివి, 1883లో బొంబాయి విశ్వవిద్యాలయం పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. రెండు చదువులు, రెండు పరాయి విశ్వవిద్యాలయాలు.

1912లో ఆయన మైసూరు దివాను అయ్యారు. 1916 జూలైలో మైసూరు విశ్వవిద్యాలయం పుట్టింది. భారతీయ సంస్థానాల్లో అలాంటిది అదే మొదటిది. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఛాన్సలరు, హెచ్.వి. నంజుండయ్యగారు తొలి వైస్ ఛాన్సలరు. దాని రూపురేఖల కోసం ఇతర దేశాల ఉన్నత విద్యను పరిశీలించినవాళ్ళలో థామస్ డెన్హామ్‌తో పాటు మన పొరుగు చిత్తూరు దగ్గరి కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉన్నారు. సి.ఆర్. రెడ్డిగా పేరుపడ్డ ఆయన పదేళ్ళ తర్వాత, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలరు అయ్యారు.

మైసూరు విశ్వవిద్యాలయం కథను సాధారణంగా సంస్థానపు ఘనతగా చెబుతారు. ఘనతే, సందేహం లేదు. నాకు మాత్రం అందులో ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. మైసూరు మహారాజా కాలేజీ, బెంగళూరు సెంట్రల్ కాలేజీ ఆ విశ్వవిద్యాలయంలో భాగాలయ్యాయి. పాఠం చెప్పేవాళ్ళు, పాఠం నిర్ణయించేవాళ్ళు ఒకే సంస్థ మనుషులయ్యారు. 1917లో బెంగళూరులో ఇంజనీరింగు కాలేజీ తెరిచినప్పుడు, ఈ నేలకు ఎలాంటి ఇంజనీరు కావాలన్న మాట ఇక్కడే అనుకోగలిగారు.

ఇప్పుడు ఒక కోర్సు ఎలా పుడుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ముందు బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చుంటుంది. ప్రతి సబ్జెక్టుకూ ఒక బోర్డు ఉంటుంది. అందులో ఆ సబ్జెక్టు అధ్యాపకులు, బయటి విశ్వవిద్యాలయాల నుంచి పిలిచిన ఒకరిద్దరు ఉంటారు. ఏ సెమిస్టరులో ఏ పేపరు, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని క్రెడిట్లు, ఏ పుస్తకాలు, ప్రశ్నపత్రం ఏ పద్ధతిలో, అన్నీ అక్కడే రాస్తారు. ఆ కాగితం అకడమిక్ కౌన్సిలుకు పోతుంది, అక్కడి నుంచి సిండికేటుకు. డిగ్రీ పేరు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఒప్పుకున్న పేర్లలో ఉండాలి. 1956 నాటి చట్టం ఆ అధికారం యూజీసీకి ఇచ్చింది. ఇదంతా అయ్యాక, ఆ కోర్సు మా ఊళ్ళో పెడతామని ఒక కాలేజీ అర్జీ పెట్టుకుంటే లోకల్ ఇంక్వైరీ కమిటీ వస్తుంది. కాలేజీల్లో దాన్ని ‘ఎల్ఐసీ’ అంటారు. ఆ వారమంతా కాలేజీలో హడావుడే. గదులెన్ని, లైబ్రరీలో పుస్తకాలెన్ని, ల్యాబులో పరికరాలున్నాయా, అధ్యాపకుల అర్హతలేమిటి అని కమిటీ చూస్తుంది. వాళ్ళ నివేదిక మీద విశ్వవిద్యాలయం, ఆపైన రాష్ట్ర ప్రభుత్వం సరేనంటే అనుబంధం దొరుకుతుంది. 2000 నాటి కర్ణాటక రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం ఇప్పటికీ దారి దాదాపు ఇదే.

ఈ దారిలో పాఠం చెప్పడానికి కావలసిన సరంజామాను బాగానే చూస్తారు. చెప్పిన పాఠం ఏమైందన్నది ఎక్కడా తగలదు. ఆ బరువంతా సంవత్సరాంతపు పరీక్ష మీదే పడింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వేశారు. అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1918 నుంచి 1921 దాకా ఇదే మైసూరు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించినవారు, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా పనిచేసినవారు. అన్నిటికన్నా ముందు బాగుపడవలసింది పరీక్షలేనని ఆ కమిషన్ 1949లో తేల్చి చెప్పింది. డెబ్భై అయిదేళ్ళు దాటాయి. ఆ మాట ఇంకా పాతబడలేదు, అదే బాధ.

1964లో బెంగళూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. తర్వాత కోలారు జిల్లా కాలేజీలు దాని కిందికి వచ్చాయి. 2007 దాకా చిక్కబళ్ళాపురం కోలారు జిల్లాలోదే కదా. ఆ విశ్వవిద్యాలయానికి 1972 నుంచి 1977 దాకా వైస్ ఛాన్సలరుగా ఉన్న హెచ్. నరసింహయ్యగారు గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పేద ఇంట పుట్టినవారు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి వచ్చి, జీవితాంతం బెంగళూరు నేషనల్ కాలేజీ హాస్టలు గదిలోనే ఉన్నారు. గౌరిబిదనూరుకు, బాగేపల్లికి నేషనల్ కాలేజీలు వచ్చాయంటే ఆయన పట్టుదలే కారణం. ప్రశ్న అడగడం నేర్పని చదువు చదువు కాదని ఆయన నమ్మకం. ఆయన హయాంలోనే బెంగళూరు విశ్వవిద్యాలయంలో నాట్యం, నాటకం, సంగీతం డిగ్రీ చదువులుగా చోటు సంపాదించుకున్నాయి. ఒక్కసారి ఆలోచించండి. పాట పాడగలడా, వేషం కట్టి నిలబెట్టగలడా అన్నది మూడు గంటల జవాబు పత్రంలో తెలియదు. అలాంటి చదువును ఒప్పుకున్నప్పుడు దాన్ని కొలిచే పద్ధతినీ కొత్తగా ఒప్పుకోక తప్పదు.

ఇక ఇంజనీరింగు వైపు చూద్దాం. చిక్కబళ్ళాపురంలో 1986లోనే ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. 1998లో రాష్ట్రంలోని ఇంజనీరింగు కాలేజీలు దాదాపు అన్నీ బెళగావి కేంద్రంగా పుట్టిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం (వీటీయూ) కిందికి పోయాయి. ముద్దేనహళ్ళిలో దాని పీజీ కేంద్రం ఉంది. 2014 జూన్‌లో మన దేశం వాషింగ్టన్ అకార్డులో పూర్తి సభ్యత్వం పొందింది. ఇక్కడ నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ మొదటి శ్రేణి (టియర్-1) సంస్థల్లో గుర్తించిన ఇంజనీరింగు కోర్సును సభ్య దేశాలు తమ కోర్సులతో సమానంగా చూస్తాయన్నది దాని సారం. అందుకు షరతు ఒకటుంది. ఏం చెప్పారన్నది చాలదు, చదివినవాడు ఏం చేయగలడో చూపాలి. అప్పటి నుంచి ‘కోర్స్ అవుట్‌కమ్’, ‘ప్రోగ్రామ్ అవుట్‌కమ్’, ‘మ్యాపింగ్’ అన్న మాటలు మన కాలేజీల స్టాఫ్‌రూముల్లో రోజువారీ మాటలయ్యాయి.

ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్ల ఉంటే వీటీయూ ప్రశ్నపత్రం ఒకటి అడిగి తీసుకుని చూడండి. కుడివైపు అంచున మూడు సన్నని గడులుంటాయి. ఒకదానిలో మార్కులు. రెండోదానిలో బ్లూమ్ స్థాయి, అంటే ఆ ప్రశ్న జ్ఞాపకశక్తిని అడుగుతోందా, అర్థం చేసుకోవడాన్ని అడుగుతోందా, ప్రయోగించడాన్ని అడుగుతోందా అని. మూడోదానిలో, ఆ పేపరుకు ముందే రాసుకున్న లక్ష్యాల్లో ఇది ఏ లక్ష్యానికి చెందిన ప్రశ్నో. 2022 స్కీములో సగం మార్కులు సెమిస్టరు పొడవునా కాలేజీలో జరిగే మూల్యాంకనానికి, సగం చివరి పరీక్షకు. మద్రాసు కాలంలో మాట లేని అధ్యాపకుడికి ఇప్పుడు సగం మాట దక్కింది. ఇది చిన్న మార్పు కాదు.

పరీక్షలయ్యాక అధ్యాపకులు ఏ లక్ష్యం ఎంతవరకు నెరవేరిందో లెక్క వేస్తారు. ఫలానా లక్ష్యానికి సంబంధించిన ప్రశ్నల్లో ఇంతమంది ఇన్ని మార్కులు దాటితే మూడు, కాస్త తక్కువైతే రెండు, ఇంకా తక్కువైతే ఒకటి. దాన్ని పట్టికలో వేసి ఫైలు కడతారు. ఆ ఫైళ్ళ కోసం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునే అధ్యాపకుల కష్టం నాకు తెలుసు. కానీ ఆ లెక్క పుట్టింది పాత మార్కుల్లోంచే. ప్రశ్న బట్టీ పట్టి రాయగలిగేదైతే, గడిలో ఏ స్థాయి అచ్చేసినా అది బట్టీనే కొలుస్తుంది. లోపం పద్ధతిలో లేదు, ప్రశ్నలో ఉంది. మంచి ప్రశ్న తయారు చేయడానికి అధ్యాపకుడికి తీరిక కావాలి. ఆ తీరికను ఫైళ్ళే తినేస్తున్నాయి.

నేర్చుకున్నది కంటికి కనిపించే చోటు ఒకటి మన దగ్గరే ఉంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1995లో చింతామణిలో పట్టుపరిశ్రమ కాలేజీ తెరిచింది. పక్కనే శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు, చుట్టూ మల్బరీ తోటలు. ఇంతకన్నా తగిన చోటు ఏముంది? అమెరికా ల్యాండ్ గ్రాంట్ కాలేజీల దారిలో నడిచిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్లు, అంతర్గత పరీక్షలు ముందు నుంచే ఉన్నాయి. చివరి ఏడాది విద్యార్థులు పల్లెల్లో ఉండి రైతులతో పనిచేయాలి, దానికీ క్రెడిట్లున్నాయి. ఉదాహరణకు, పట్టుపురుగు నాలుగుసార్లు జ్వరానికి పోతుంది, అంటే కుబుసం విడుస్తుంది. అప్పుడు తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. ఆ వేళ ఆకు వేయకూడదు, పడక మీద సున్నం పొడి చల్లి ఆరబెట్టాలి. దాదాపు అన్ని పురుగులూ జ్వరం నుంచి లేచాకే మళ్ళీ ఆకు. తొందరపడి ముందే వేస్తే పంట ఎగుడుదిగుడవుతుంది, కొన్ని ముందు పండుతాయి, కొన్ని వెనకబడతాయి. ఇది తెలిసిన విద్యార్థి ఎవరో, పుస్తకంలో మాత్రమే చదివినవాడెవరో తట్ట ముందు నిలబెడితే రైతుకు నిమిషంలో తెలిసిపోతుంది. నూరు మొట్టెలకు, అంటే గుడ్లకు, ఎన్ని కిలోల గూళ్ళొచ్చాయని అడిగే మన రైతులు, విశ్వవిద్యాలయాలు ఆ మాట నేర్వకముందే ఫలితాన్ని కొలుస్తున్నవాళ్ళు.

డిగ్రీ కాలేజీల్లో ఇటీవల జరిగింది క్లుప్తంగా చెబుతాను. 2017లో బెంగళూరు విశ్వవిద్యాలయం మూడు ముక్కలై కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాలు ఉత్తర విశ్వవిద్యాలయానికి వచ్చాయి. 2021లో దేశంలో అందరికన్నా ముందు కర్ణాటక జాతీయ విద్యావిధానం అమలుచేసి నాలుగేళ్ళ డిగ్రీ పెట్టింది. 2024లో మళ్ళీ మూడేళ్ళకు మారింది. అంటే నాలుగైదేళ్ళలోపే బోర్డ్ ఆఫ్ స్టడీసులు రెండుసార్లు సిలబసు తిరగరాశాయి. ఒక లక్ష్యం నెరవేరిందో లేదో తేలాలంటే కనీసం రెండు మూడు బ్యాచులు దాటాలి. ఆ గడువు ఎవరికీ దొరకలేదు.

వీటన్నిటికన్నా ఎక్కువగా నన్ను కలవరపెట్టేది మన పిల్లల భాష. బాగేపల్లి తాలూకాలో పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బళ్ళో కన్నడంలో చదువుతుంది, బి.ఎస్సీ.కి వచ్చేసరికి ఇంగ్లీషులో రాయాలి. పేపరు తప్పితే, ఆ పిల్లకు భౌతికశాస్త్రం రాలేదా, ఇంగ్లీషు వాక్యం రాలేదా? లక్ష్యాల పట్టికలో ఈ రెంటినీ విడదీసే గడి లేదు. పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, తనకు వచ్చిన భాషలో నోటితో చెప్పమంటే తేలిపోయే సంగతి ఇది. అంతర్గత మార్కులు కాలేజీ చేతికి వచ్చాయి కాబట్టి, వాటిలో కొంత భాగం నోటి పరీక్షకు ఇవ్వడం బోర్డు తలచుకుంటే కష్టం కాదు.

ఇందులో మీకూ ఒక మాట ఉంది. నాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ) గుర్తింపు కోసం కాలేజీలు విద్యార్థుల నుంచి, పూర్వ విద్యార్థుల నుంచి, ఉద్యోగాలిచ్చేవాళ్ళ నుంచి సిలబసు మీద అభిప్రాయాలు తీసుకోవాలి. ఆ ఫారం మీ చేతికి వస్తే అన్నిటికీ ‘చాలా బాగుంది’ అని గీత పెట్టి ఇచ్చేయకండి. ఏ పేపరు మీకు పనికొచ్చిందో, ఏది అర్థం కాకుండానే పాసయ్యారో రాయండి. తెలుగులో రాసినా, కన్నడంలో రాసినా చదివి పై సమావేశంలో పెట్టడం బోర్డు పని.