గాజు గ్లాసుల మీద కమాను: జార్జ్ క్రమ్ సంగీతం



పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అనగానే మనకు బీథోవెన్, మొజార్ట్ పేర్లే గుర్తొస్తాయి. వాళ్లతోనే ఆ సంగీతం ఆగిపోయిందనుకుంటాం. ఆగలేదు. మన కాలంలోనూ కొత్తగా రాసేవాళ్లున్నారు. కాకపోతే వాళ్లను పోషించేది రాజులూ చర్చీలూ కాదు. అమెరికాలో ఆ భారం చాలావరకు విశ్వవిద్యాలయాల మీద పడింది. స్వరకర్త పాఠాలు చెప్పి జీతం తీసుకుంటాడు, మిగిలిన వేళల్లో రాసుకుంటాడు. జనానికి అందని సంగీతం పుట్టేది ఇందుకేనని ఆక్షేపించేవాళ్లు లేకపోలేదు. అమెరికన్ స్వరకర్త జార్జ్ క్రమ్ సంగీతం విన్నాక నాకా ఆక్షేపణ నిలబడదనిపించింది. టిక్కెట్లు తెగుతాయా లేదా అన్న బెంగ లేకుండా, ఒక్కో శబ్దాన్నీ చెవి దగ్గర పెట్టుకుని చూసుకునే తీరిక ఆయనకు దొరికింది ఆ ఉద్యోగం వల్లే.

క్రమ్ 1929 అక్టోబరు 24న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో పుట్టారు. తండ్రి క్లారినెట్ వాయించేవారు, తల్లి చెల్లో. అది కనావా నది ఒడ్డున, అపలాచియన్ కొండల మధ్య ఉన్న ఊరు. అలాంటి లోయలో కేక వేస్తే కొండకు తగిలి తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వని తన చెవిలో ఉండిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. ఆయన రచనలు వింటుంటే ఆ మాట నిజమేననిపిస్తుంది. స్వరం ఆగాక గాలిలో మిగిలే మోతకు కూడా ఆయన చోటు వదులుతారు.

చదువు ఇల్లినాయ్, బెర్లిన్, మిచిగన్‌లలో సాగింది. కొన్నేళ్లు కొలరాడోలో పాఠాలు చెప్పి, 1965లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1997లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. చేరిన మూడేళ్లకే, 1968లో, ఒక ఆర్కెస్ట్రా రచనకు పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఆయన పేరు లోకమంతా పాకింది మాత్రం 'బ్లాక్ ఏంజెల్స్'తో. వియత్నాం యుద్ధం సాగుతున్న రోజులవి. వాద్యాలు నాలుగే: రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. నాలుగింటి శబ్దాన్నీ విద్యుత్తుతో పెంచుతారు. మొదలవుతూనే పురుగుల దండు మీద పడ్డట్టు చెవులు చిల్లులు పడే రొద. వాద్యకారులు నోటితో అంకెలు కూడా లెక్కపెడతారు, జపనీస్‌లో, హంగేరియన్‌లో, స్వాహిలీలో! ఒకచోట ముగ్గురు తమ వాద్యాలు పక్కన పెట్టి గాజు గ్లాసుల దగ్గరికి వెళతారు. వాటిలో నీళ్లు కొలతగా పోసి శ్రుతి చేసి ఉంటాయి. మన జలతరంగం గుర్తొస్తుంది గానీ, ఇక్కడ పుల్లతో కొట్టరు. గ్లాసు అంచు మీద కమాను లాగుతారు. ఎక్కడ మొదలైందో తెలియని సన్నటి నాదం లేస్తుంది, దాని మీద చెల్లో ఒంటరిగా పాడుతుంది. అంతసేపూ ఆ రొద విన్నాక అక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఈ రచనకు ఆయన వేసిన తేదీ 1970 మార్చి 13, శుక్రవారం. పక్కనే లాటిన్‌లో 'యుద్ధకాలంలో' అని రాశారు. పదమూడో తేదీ శుక్రవారం పాశ్చాత్యులకు అచ్చిరాని రోజు. రచనలో భాగాలూ పదమూడే.

1973లో సియాటిల్ నగరంలో డేవిడ్ హారింగ్టన్ అనే యువ వయొలినిస్టు దీన్ని రేడియోలో విన్నాడు. ఇది వాయించి తీరాలనుకుని 'క్రోనోస్ క్వార్టెట్' అనే బృందాన్ని పెట్టాడు. ఆ బృందం తర్వాత వెయ్యికి పైగా కొత్త రచనలు రాయించింది. ఒక రేడియో ప్రసారం ఇంత పని చేసిందన్న సంగతి ఈ మైకు ముందు కూర్చుని చెప్పడం నాకెంతో సంతోషం.

'బ్లాక్ ఏంజెల్స్' రాసిన మరుసటి ఏడు, 1971లో, 'వాక్స్ బలేనే' వచ్చింది. తిమింగలం గొంతు అన్నమాట. హంప్‌బ్యాక్ జాతి తిమింగలాల పాటను టేపు మీద విని రాసిన రచన ఇది. ఫ్లూటు, చెల్లో, పియానో వాయించే ముగ్గురూ ముఖాలకు నల్లటి ముసుగులు వేసుకుంటారు. వీలైతే వేదిక మీద నీలి వెలుగు ఉండాలి. ఫ్లూటు కళాకారుడు ఊదుతూనే అందులోకి పాడతాడు. పియానో తీగల మీద కాగితాల క్లిప్పు, గాజు కడ్డీ, ఉలి కూడా పనిచేస్తాయి. చివర్లో పది స్వరాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వస్తూ సన్నబడుతుంది. ఆఖరిసారి వాద్యకారులు అభినయం మాత్రమే చేస్తారు, శబ్దం ఉండదు. అదే ఏడాది రాసిన 'లక్స్ ఎటర్నా'లో మన సితార్‌కూ చోటిచ్చారు.

ఆయన స్వరలిపి చూడటమే ఒక పండగ. 1972 నాటి 'మాక్రోకాస్మోస్'లో పియానో ముక్కలు పన్నెండు, ఒక్కో రాశికి ఒక్కటి. స్వరాలు రాసే గీతలు వాటిలో ఒకదానివి శిలువ ఆకారంలో, ఒకదానివి వలయంగా, చివరగా వచ్చే కుంభరాశివి సుడి తిరిగిన నక్షత్రమండలంలా ఉంటాయి. వాద్యం ఊరుకున్న చోట గీతలు కూడా గీయకుండా కాగితం తెల్లగా వదిలేయడం ఆయన అలవాటు. ప్రచురణకర్తలు ఆ చేతిరాతనే యథాతథంగా అచ్చువేశారు.

శిష్యుల్లో జెనిఫర్ హిగ్డన్ 2010లో పులిట్జర్ అందుకున్నారు. అర్జెంటీనాలో పుట్టిన ఓస్వాల్డో గోలిహోవ్ కూడా ఆయన దగ్గర చదివినవారే. ఇద్దరి సంగీతంలోనూ గురువుగారి అచ్చు కనబడదు. గురువుగా ఆయన గొప్పతనం నాకు ఇక్కడే ఎక్కువగా తెలుస్తుంది.

రిటైరయ్యాక కలం మరింత జోరందుకుంది. 'అమెరికన్ సాంగ్‌బుక్' పేరుతో ఏడు సంపుటాలు రాశారు. చిన్ననాటి కొండల జానపదాలు, భక్తిగీతాలు, నల్లజాతివారి ఆధ్యాత్మిక గీతాలు అందులో ఉన్నాయి. బాణీలను పెద్దగా మార్చకుండా వాటి చుట్టూ రకరకాల తాళవాద్యాలు కూర్చారు. కూతురు ఆన్ గాయని, వాటిలో కొన్ని ఆమె పాడింది. 2022 ఫిబ్రవరి 6న, 92 ఏళ్ల వయసులో, క్రమ్ కన్నుమూశారు.

వినాలనుకుంటే 'బ్లాక్ ఏంజెల్స్'తో మొదలుపెట్టకండి, బెదిరిపోతారు. ముందు 'వాక్స్ బలేనే' పెట్టుకోండి. ఇరవై నిమిషాలుంటుంది. పల్లవి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడకుండా, ఇప్పుడు మోగింది ఏ వాద్యమో పోల్చుకుంటూ వినండి. తర్వాత సాంగ్‌బుక్ పాటలు రెండు మూడు. 'బ్లాక్ ఏంజెల్స్' ఆ తర్వాత వినండి, అప్పుడైతే గ్లాసుల దగ్గరికి చేరేదాకా మధ్యలో ఆపరు.