తర్లగూడ దారికి ఏ గేర్లు?

(సిబ్బంది కుటుంబాల సైక్లింగ్ బృందం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలు కూడా వచ్చారు, సంతోషం.

మన బృందం ఈ చలికాలంలో వరంగల్ నుంచి తర్లగూడకు సైకిళ్ల మీద వెళ్లాలనుకుంటోంది. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా 163వ జాతీయ రహదారి పట్టుకుని, గోదావరి వంతెన దాటి సాగితే ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో వచ్చే ఊరది. ఒకప్పుడు బస్తర్ జిల్లా, 2007 నుంచి బీజాపూర్ జిల్లా. రాష్ట్రం వేరే గానీ అక్కడ మన తెలుగు చెల్లుతుంది. ఈ ప్రయాణం కోసం రోడ్ బైక్ కొనబోతున్నవారు అడుగుతున్న ప్రశ్న ఒకటే: పెడల్ దగ్గర మూడు పళ్లచక్రాలున్నది కొనాలా, రెండే ఉండి వెనుక పెద్ద క్యాసెట్ ఉన్నది కొనాలా?

షాపులో "27 గేర్లు సార్" అంటారు. మురిసిపోకండి. ముందు 50, 39, 30 పళ్లు, వెనుక 12 నుంచి 25 పళ్ల దాకా తొమ్మిది చక్రాలు ఉన్నాయనుకుందాం. ముందు పళ్లను వెనుక పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక్క చుట్టు తిప్పితే వెనుక టైరు ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. 50ని 25తో భాగించండి, రెండు. 30ని 15తో, మళ్లీ రెండే. 39ని 19తో భాగించినా రెండుకు కాస్త ఎక్కువ, అంతే. ఒకే ఖాతాదారుకు మూడు సీఐఎఫ్ నంబర్లు ఉన్నట్టన్నమాట. కాబట్టి అడగవలసింది ఎన్ని గేర్లని కాదు, అన్నిటికన్నా తేలిక గేరు ఎంత అని.

ఈ మూడు చక్రాల బండిలో అది 30 బై 25, అంటే 1.2. రోడ్ బైక్ టైరు ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు పోతుంది గనుక, పెడల్ ఒక చుట్టుకు రెండున్నర మీటర్లు. ముందు 50, 34 పళ్ల రెండు చక్రాలు, వెనుక 11 నుంచి 34 దాకా క్యాసెట్ ఉన్న బండిలో అది 34 బై 34, సరిగ్గా ఒకటి. పెడల్ ఒక చుట్టుకు 2.1 మీటర్లే. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో నింపాదిగా ఎత్తు ఎక్కవచ్చు. అంటే రెండు చక్రాలదే తేలిక! చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

మరి మూడు చక్రాలు దండగా? కాదు. 12–25 క్యాసెట్‌లో చివరి చక్రాలు 12, 13, 14, 15 అని ఒక్కో పన్ను తేడాతో ఉంటాయి. 11–34లో 11, 13, 15, 17, ఆ వెంటనే 20. పదిహేడు నుంచి ఇరవైకి మారితే కాళ్లకు ఒక్కసారిగా తేడా తెలుస్తుంది. గోదావరి వెంట చదునైన దారిలో ఎదురుగాలి కొడుతుంటే ఇది గంటల తరబడి విసిగిస్తుంది. ఒక గేరు బరువు, పక్కది మరీ తేలిక. అలవాటు పడాల్సిందే.

నా మాట ఇది: కొత్తగా కొనేవారు, ఒంటి మీద బట్టలు, వెంట చిన్న సంచీతో వచ్చేవారు రెండు చక్రాలది తీసుకోండి. ఎడమచేతి గేరుతో తంటా తక్కువ. ఇప్పటికే మూడు చక్రాల బండి ఉన్నవారు దాన్ని మార్చకండి. ముందు చక్రాలు మారిస్తే ముందు డిరైలర్, ఎడమ గేర్ లివర్ కూడా మార్చాల్సి రావచ్చు. వెనుక 25కు బదులు 28 పళ్ల క్యాసెట్ వేయించుకుంటే నిష్పత్తి 1.07కు దిగుతుంది, చాలావరకు పని అయిపోతుంది. కానీ మీ వెనుక డిరైలర్ అంత పెద్ద చక్రానికి సరిపోతుందా అని మెకానిక్‌ను అడిగాకే డబ్బు కట్టండి. గుడారం, వంటసామాను మోసుకొస్తామనే ఉత్సాహవంతులకు మాత్రం మూడు చక్రాలే నయం. తర్లగూడ దగ్గర ఆగకుండా జగదల్‌పూర్ దాకా పోతామంటే అది సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది మరి.

చిన్న గేరు వేయడం నామోషీ అనుకునే పెద్దమనుషులు మనలోనూ ఉన్నారు, పేర్లు చెప్పను. టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులూ అలాగే అనుకున్నారు. పందెంలో డిరైలర్ గేర్లకు 1937 దాకా అనుమతి ఇవ్వలేదు. మనం పందెగాళ్లం కాదు. యాభై దాటిన మోకాళ్లతో సోమవారం కౌంటర్‌లో కూర్చోవాలి.

ఇంకొకటి. ఛత్తీస్‌గఢ్‌లో సరస్వతి సైకిల్ యోజన కింద హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్లు ఇస్తారు. ఊళ్లలో రిపేరు చేసేవారు ఉంటారు గానీ వాళ్ల దగ్గరుండేది గేర్లు లేని సైకిళ్ల సామాను. తొమ్మిది చక్రాల క్యాసెట్‌కు సరిపడే సన్నని చైన్ అక్కడ దొరుకుతుందని నమ్ముకోవద్దు. గేరు తీగ ఒకటి, చైన్ కలిపే లింకులు రెండు, డిరైలర్ హ్యాంగర్ ఒకటి సంచీలో పడేసుకోండి. హ్యాంగర్ ఒక్కో బండికి ఒక్కో రకం, పక్కవాడిది మీకు పనికిరాదు.

కొనేముందు సైకిలును మీ దగ్గర్లోని నిట్టనిలువు వంతెన మీదికో గుట్ట మీదికో తీసుకెళ్లండి. ప్రయాణపు బరువు కట్టి, అతి తేలిక గేరులో ఎక్కండి. ఇంట్లోవాళ్లను వాచీ పట్టుకోమనండి. నిమిషానికి యాభై చుట్లు కూడా తిరగకపోతే ఆ బండి మీకు బరువే. ఇక మీ ప్రశ్నలు అడగండి.