పాత ట్యాబ్, కొత్త ట్యాబ్
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్నేదైనా పెద్ద విషయం మాట్లాడమన్నారు. నేను చిన్న విషయమే ఎంచుకున్నాను. "ఈ ట్యాబ్ పాతబడింది, కొత్తది కొందామా వద్దా?" అనే తగవు ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో ఉన్నదే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. దాని దగ్గర ఆరేళ్ళనాటి ట్యాబ్ ఉంది. పాఠం తెరిస్తే తెరుచుకోదు, మధ్యాహ్నానికల్లా చార్జింగ్ అయిపోతుంది. "దాదా, దీంతో ఇక నావల్ల కాదు, కొత్తది కొనిపెట్టండి" అంది. మావాడు సరేనన్నాడు. కాని ఆ డబ్బెక్కడిది? ఆ పిల్ల డిగ్రీ ఫీజు కోసమే పోస్టాఫీసులో నెలనెలా వేస్తున్నది! అది తీయడానికి నాకు మనసొప్పలేదు. అలాగని పరీక్షల ముందు చదువు కుంటుపడినా ఒప్పదు. "వారం రోజులు గడువివ్వు తల్లీ" అన్నాను. ఆ వారంలో నలుగురినీ అడిగి తెలుసుకున్నదే మీకు మనవి చేస్తున్నాను.

మొదటిది, జాగా. మా ట్యాబ్‌లో ఉన్నది 32 జీబీ. అందులో పాఠాలకంటే పెళ్ళి వీడియోలే ఎక్కువ! అవి వేరేచోట దాచి, వాడని యాప్‌లు తీసేశాం. సగం జబ్బు అక్కడే తగ్గింది.

రెండవది, బ్యాటరీ. వాడేకొద్దీ బ్యాటరీ అరగడం సహజం. 1000 సార్లు పూర్తిగా వాడి నింపినా 80 శాతం శక్తి నిలిచేలా తమ ఐప్యాడ్ బ్యాటరీలను తయారు చేస్తామని ఆపిల్ కంపెనీవారే చెబుతారు. రోజుకొకసారి చొప్పున లెక్కవేస్తే వెయ్యి అంటే మూడేళ్ళు కూడా కాదు. ఒక దుకాణంలో "బాగు చేయించడం దండగ, కొత్తది తీసుకోండి" అన్నారు. అమ్మేవాణ్ణి అడిగితే అంతకంటే ఏమంటాడు? రెండో చోట, కొత్తదాని ధరలో ఐదో వంతుకే బ్యాటరీ మార్చి ఇచ్చారు. అయితే ఒక్క మాట. బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేస్తుంటే చార్జింగ్ పెట్టకండి, వాడకండి. అది ప్రమాదం.

మూడవది, అప్‌డేట్లు. అసలు వయసు ఇక్కడ తెలుస్తుంది. 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2కు 2021 నాటి ఐప్యాడ్ ఓఎస్ 15తో కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. 2019లో వచ్చిన ఏడో తరం ఐప్యాడ్‌కు 2024 నాటి 18 వరకు అందాయి, 2025లో వచ్చిన 26 అందలేదు. శాంసంగ్ వారు 2023 నాటి ట్యాబ్ ఎస్9కు ఐదేళ్ళ భద్రతా అప్‌డేట్లిస్తామన్నారు. ఈ గడువు మోడల్‌ను బట్టి ఉంటుంది గాని మనం కొన్న రోజును బట్టి కాదు. కాబట్టి తగ్గింపు ధరకు పాత మోడల్ కొనేముందు "ఇంకెన్నేళ్ళు అప్‌డేట్లు వస్తాయి?" అని అడగండి. అప్‌డేట్లు ఆగిన రోజే ట్యాబ్ చచ్చిపోదు. చదువుకోవచ్చు, పాఠాలు చూడవచ్చు. బ్యాంకు పని, డబ్బు పంపడం మాత్రం దానిలో పెట్టుకోకూడదు.

నాలుగవది, మనకున్న పని. పుస్తకం చదవడానికి, పాఠం వినడానికి ఎంత వేగం కావాలి? మా బావమరిది ఎంబ్రాయిడరీ డిజైన్లు గీస్తాడు. ఆయన గీసే యాప్ పాత ట్యాబ్‌లో పడనంది. కొత్తది కొన్నాడు, మంచి పనే చేశాడు. అది ఆయన జీవనాధారం. అయితే పాత కవరు, పెన్ను కొత్తదానికి పనికిరాలేదు. అన్ని పెన్నులూ అన్ని ట్యాబులకూ పనిచేయవు. ధర చూసేటప్పుడు ఆ ఖర్చూ కలుపుకోవాలి.

ఇంతకీ మా ఇంట్లో తేలిందేమిటి? మా ట్యాబ్‌కు అప్‌డేట్లు ఆగి ఏడాదయింది. బ్యాంకు యాప్ తీసేశాం. పాఠాల యాప్ మాత్రం చక్కగా నడుస్తోంది. పరీక్షలయ్యేవరకు ఇది చాలునని నిర్ణయించాం. మనవరాలు రెండు రోజులు ముఖం ముడుచుకుంది, నిజమే. మూడో రోజు సాయంత్రం వరకు చార్జింగ్ నిలిస్తే తనే వచ్చి చూపించింది. దానికి ఒక మాట ఇచ్చాను: "డిగ్రీలో నీ చదువుకు ఇది చాలకపోతే, దుకాణానికి ముందు నడిచేది నేనే."

పిల్లలడిగిన వెంటనే కొనడం ప్రేమ అనుకుంటాం, కాదనడం పొదుపు అనుకుంటాం. రెండూ తొందరపాటే. ఏ పని ఆగిందో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. బాగు చేస్తే ఆ పని సాగుతుందా? బాగు చేయించండి. సాగదా? కొనండి, ఫీజు డబ్బు మాత్రం ముట్టకండి. పాతది ఎవరికిచ్చినా అందులోని ఫొటోలు, ఖాతాలు తుడిచేసి ఇవ్వండి. పూర్తిగా పాడైతే చెత్తబుట్టలో వేయక ఈ-వేస్ట్ తీసుకునేచోట అప్పగించండి.