ఐదో తరగతికీ ఆరో తరగతికీ మధ్య

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులు ఇస్తున్నాం. సంతోషమే. ఈ వేదిక దాకా రాలేకపోయిన పిల్లల గురించి నేను నాలుగు మాటలు చెప్పదలిచాను. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో చాలాకాలం పంతులుగా పనిచేసినవాణ్ణి గనుక కంటితో చూసిందే చెబుతాను.

మన ఆంధ్ర పల్లెల్లో చాలాచోట్ల చదువుకు రెండు మెట్లు. ఊళ్ళో ఐదు వరకు ప్రాథమిక పాఠశాల, ఆపైన పక్క పెద్ద ఊళ్ళో హైస్కూలు. 1959 చట్టం ప్రాథమిక బడులను పంచాయతీ సమితులకు, హైస్కూళ్ళను జిల్లా పరిషత్తులకు అప్పగించింది. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చాయి. బోర్డు మీద పేరు మారింది గాని, ఆ రెండు మెట్ల మధ్య దూరం తగ్గలేదు. మన ఆడపిల్లలు జారిపోయేది అక్కడే.

1994 జూన్‌లో ఆరో తరగతి అడ్మిషన్లు రాస్తున్నాను. మూడు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి మన మగపిల్లలు నలుగురు చేరారు. వాళ్ళతోపాటు ఐదు పాసైన ఆడపిల్లలు ముగ్గురూ రాలేదు. ఆదివారం సైకిలు మీద వెళ్ళాను. ఒక పిల్ల తండ్రి పరుపులు కుట్టుకునే మనిషి. "చదివించాలనే ఉంది సార్. ఆ చెరువుకట్ట మీద ఒంటరిగా ఎట్లా పంపేది?" అన్నాడు. ఆయనకు చదువంటే విరోధం కాదు, దారంటే భయం.

ఆ ఊరి నుంచి రోజూ కూరగాయలు అమ్ముకోవడానికి మా ఊరొచ్చే ఒక ముసలమ్మ ఉండేది. హిందువుల ఆవిడ. అడిగితే, "నా మనవరాళ్ళనుకుంటాను, పంపించు నాయనా" అంది. పొద్దున ఆమె వెంట రావడం, సాయంత్రం మగపిల్లలతో కలిసి వెళ్ళడం. రెండిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ ఇద్దరూ పది పాసయ్యారు. మూడో ఇంటివాళ్ళు కాదన్నారు. ఇంకొక్కసారి వెళ్ళి బతిమాలవలసింది. నేను వెళ్ళలేదు. ఆ ముల్లు ఇప్పటికీ మనసులో ఉంది.

ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి పాతికమంది బడికి వెళ్ళనివాళ్ళో, మధ్యలో మానేసినవాళ్ళో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. గ్రాంటు ఎట్లా ఖర్చవుతోందో అడిగే హక్కు వాళ్ళది. దగ్గరలో బడి లేని చిన్న ఊళ్ళ పిల్లలకు రవాణా ఏర్పాటు చేయాలని కూడా నియమాలున్నాయి. కాని అడిగేవాళ్ళేరీ? కమిటీ మీటింగంటే మనలో చాలామంది "మనకెందుకులే" అంటారు. ఆ కుర్చీ మనదే, ఖాళీగా వదిలెయ్యవద్దు.

సంఘానికి నా మనవి ఒక్కటే. ప్రతి ఊళ్ళో ఒకరు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏప్రిల్‌లో ఐదు పూర్తిచేసిన మన పిల్లల పేర్లన్నీ రాయండి. జూన్‌లో బడులు తెరిచిన పదిరోజుల్లో ఎవరు ఎక్కడ చేరారో చూడండి. చేరని పిల్ల ఇంటికి వెళ్ళండి. కాదంటే మళ్ళీ వెళ్ళండి. దీనికి పెద్ద చందాలు అక్కర్లేదు.

ఇల్మ్ నేర్వడం ఫర్జ్ అని జుమా బయానుల్లో వింటూనే ఉన్నాం. వచ్చే ఏడు ఇదే వేదిక మీద బహుమతులకంటే ముందు ఆ నోటుపుస్తకం చదివి వినిపించాలని నా కోరిక. అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక.

సెలవు. ఖుదా హాఫిజ్.