చందమామ చిత్రమునకు పదును



చంద్రుని చూడని కన్ను లేదు. చంద్రుని చిత్రమును తీయుటకు యత్నింపని ఫోను కూడ నేడు లేదనవచ్చును. వెన్నెల రాత్రి మేడమీద నిలిచి, చేతిలోని ఫోనును ఎత్తి మీట నొక్కినచో దొరకునది ఒక తెల్లని చుక్క మాత్రమే. కంటికి పళ్ళెమంత కనుపించినవాడు చిత్రములో పెసరగింజంత యైపోయెనేమి అని పిల్లలు అడుగుదురు. ఆ గింజను పెద్దది చేసి, మసక తొలగించి, పదును పెట్టి చూపుట యెట్లు? ఆ దిద్దుబాటు ఎంతవరకు న్యాయము? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నేడు ముచ్చటించెదము.

మొదట కొలతల మాట. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరమున ఉన్నాడు. అతని వ్యాసము 3,474 కిలోమీటర్లు. అంత దూరమునుండి అతడు ఆకాశములో ఆక్రమించు స్థలము అర డిగ్రీ మాత్రమే. నమ్మకము లేనివారు చేయి చాచి చిటికెనవ్రేలిని అడ్డు పెట్టి చూడవచ్చును. ఆ వ్రేలు చంద్రుని పూర్తిగా మరుగుపరచును. లెన్సు నాభ్యంతరమును సుమారు 110తో భాగించినచో చంద్రబింబము కెమెరా లోపల ఎంత పరిమాణమున పడునో తెలియును. 200 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినచో బింబము రెండు మిల్లీమీటర్లకు కూడ చాలదు. 1,000 మిల్లీమీటర్ల దూరదర్శినితో తీసినచో తొమ్మిది మిల్లీమీటర్లగును.

రెండవది వెలుగు. రాత్రి తీయు చిత్రము గదా యని ఎక్కువసేపు వెలుగును రానిచ్చినచో చంద్రుడు సున్నపు ముద్దయగును. ఏలయన, చంద్రుని నేల మిట్టమధ్యాహ్నపు ఎండలో నున్న నేల. దానిని పగటి దృశ్యమువలెనే తీయవలెను. ఇందులో ఒక విచిత్రము కలదు. అష్టమినాటి సగము చంద్రుని వెలుగు పున్నమి వెలుగులో సగము కాదు, ఇంచుమించు పదవ వంతు మాత్రమే. అయినను చిత్రమునకు అష్టమియే మేలు. పున్నమినాడు ఎండ నడినెత్తిన పడుటచే నీడలుండవు. అష్టమినాడు వెలుగునకును చీకటికిని నడుమనున్న సరిహద్దు వెంబడి ప్రతి గట్టును, ప్రతి బిలమును నీడ చాచును. నీడయే మనకు ఎత్తుపల్లములను చెప్పును.

ఇక మా అనుభవము. వికారాబాదు జిల్లాలోని నవాబుపేట వెలుపల, కందిచేల ప్రక్కన, ఒక శుక్లాష్టమి రాత్రి మేము నలుగురము 80 మిల్లీమీటర్ల దూరదర్శినిని స్టాండుమీద నిలిపి, దానికి కెమెరాను బిగించి కూర్చుంటిమి. నగరమును విడిచి అంత దూరము పోవుట దేనికని కొందరు అడిగిరి. నిజమునకు నగర దీపములు నక్షత్రములకు శత్రువులు గాని, చంద్రునకు అంతగా కావు. చంద్రునకు శత్రువు గాలి. పగలెల్ల కాగిన సిమెంటు కప్పులు, తారు రోడ్లు రాత్రియందు వేడిని విడుచుచుండును. ఆ వేడిగాలి పైకి లేచునప్పుడు, పొయ్యిమీది ఆవిరి వెనుక గోడ కదలినట్లు చంద్రబింబము కదలును. చేలమీది గాలి కొంత త్వరగా చల్లబడును. అందులకే మేము చేలు వెదకుకొంటిమి.

అయినను గాలి పూర్తిగా నిలువదు. దీనికి ఉపాయము ఒక్క చిత్రముతో తృప్తిపడక, వీడియోగా వేయి చిత్రములను తీసికొనుట. వేయింటిలో గాలి క్షణకాలము నిలిచినప్పటివి నూరు ఉండవచ్చును. కంప్యూటరు ఆ నూటిని ఏరి, ఒకదానిపై నొకటి సరిగా పేర్చి సగటు తీయును. పంచాయతిలో నూరుగురు సాక్షులు మాటలాడినప్పుడు ఎవరి తడబాటు వారిదే. అందరి మాటలలోను సామాన్యముగా నిలిచినదే నిజము. చిత్రములయందును అంతే. కెమెరాలో పుట్టు ఇసుకవంటి మచ్చ ఒక చిత్రములో ఒక చోట, మరియొక దానిలో మరియొక చోట పడును గాని, చంద్రునిమీది కొండ కదలదు. నూరు చిత్రముల సగటు తీసినచో ఆ మచ్చల బలము పదవ వంతునకు తగ్గును.

అటుపిమ్మట పదును పెట్టుట. ఈ విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. ఫిల్ముల కాలమున డార్కురూములో పనిచేయువారు అసలు నెగటివునుండి కావలెననియే మసకగా ఒక పాజిటివును తయారుచేసి, రెంటిని జతపరచి అచ్చు వేసెడివారు. మసకది విశాలమైన వెలుగునీడలను అణచివేయును. అందుచే సన్నని అంచులు పైకి తేలును. ఆస్ట్రేలియాలో డేవిడ్ మాలిన్ ఈ పద్ధతితో నక్షత్రమండలముల సన్నని వివరములను వెలికి తీసి ప్రసిద్ధుడయ్యెను. నేడు కంప్యూటరు చేయునదియు ఇదియే. చిత్రమునుండి దాని మసక రూపమును తీసివేయును; మిగిలినవి అంచులు; వానిని కొంత హెచ్చించి తిరిగి చిత్రములో కలుపును.

కొడవలికి పదును పెట్టువారికి ఒక సంగతి తెలియును. నూరవలసినంత నూరినచో కొడవలి కోయును. మితిమీరి నూరినచో అంచు అరిగి మడతపడును. ఆ రాత్రి చిత్రముతో మాకును అదే జరిగినది. కంప్యూటరు ముందు కూర్చుండి మీటను కొంచెము జరిపితిమి. టాలెమీ బిలపు గట్టు నిలిచినది. మరికొంత జరిపితిమి, ఆపెనైన్ కొండల నీడలు సూదులవలె వచ్చినవి. ఆశ ఆగలేదు, చివరివరకు జరిపితిమి. ప్రశాంత సాగరమని పేరుగల నున్నని మైదానములో అయిదారు చిన్న గుంటలు వరుసగా కనుపించినవి! సంతోషముతో దానిని అచ్చు వేయించి ఒక పాఠశాల గోడకు పెట్టించితిమి.

నాలుగు దినముల పిమ్మట ఏడవ తరగతి పిల్లవాడొకడు చంద్రుని పటమును చేతబట్టుకొని వచ్చి, “ఈ గుంటల పేరులేమండి? పటములో లేవే!” అని అడిగెను. మేము పటమును చూచితిమి, లేవు. పదును పెట్టకముందున్న చిత్రమును తీసి చూచితిమి. అచట గుంటలు లేవు. ఉన్నది సగటులో పూర్తిగా అణగని ఇసుక మచ్చలు మాత్రమే. వానికి మేమే పదును పెట్టి, గట్లు కట్టి, నీడలు వేసితిమి. చంద్రుని అంచు చుట్టును తెల్లని దారమువంటి గీత కూడ వచ్చియుండెను. అది సహితము మా మితిమీరిన నూరుడు ఫలితమే.

లెక్క వేసికొనియుండినచో ఈ పొరపాటు జరిగెడిది కాదు. డిగ్రీని 3,600 భాగములు చేసినచో ఒక్కొక్క భాగము చంద్రునిమీద ఇంచుమించు 1.9 కిలోమీటర్లకు సమానము. 80 మిల్లీమీటర్ల దూరదర్శిని ఎంత చక్కని గాలిలోనైనను ఒకటిన్నర భాగముకంటె సన్నని వివరమును విడదీయలేదు. అనగా మూడు కిలోమీటర్లకు లోబడినదేదియు మా చిత్రములో నమ్మదగినది కాదు. పదును ఉన్నదానిని చూపగలదు గాని లేనిదానిని తేలేదు. తెచ్చినచో అది చిత్రము కాదు, కల్పన.

మరునాడు మేమే పోయి ఆ చిత్రమును గోడనుండి తీసి, మితముగా దిద్దినదానిని పెట్టి, పిల్లలకు జరిగినదంతయు చెప్పితిమి. సిగ్గుపడిన మాట నిజము. కాని పిల్లలు రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటలో నేర్చుకొన్నది మొదటి దానివలన నేర్చుకొనియుండెడివారు కారు.

మచ్చను చూచి వస్తువని భ్రమపడుట ఒక దోషము. వస్తువును చూచి మచ్చయని తుడిచివేయుట దానికి మారుదోషము. ఈ రెండవదానికి లోబడని ఒక యువకుని కథ హైదరాబాదునకు సంబంధించినది. 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాలలో వేణు బప్పు తండ్రిగారు పనిచేసిరి. ఆ దూరదర్శినుల నడుమ పెరిగిన వేణు బప్పు 1949లో అమెరికాలోని హార్వర్డులో విద్యార్థిగా నుండగా, ఒక ఫోటో పలకపై కనుపించిన మసక గుర్తును లక్ష్యపెట్టెను. అది తోకచుక్క. నేడు దానికి బప్పు, బాక్, న్యూకర్క్ అను మువ్వురి పేరులును కలవు. పలక శుభ్రముగా నుండవలెనని ఆ మసకను తుడిచివేసియుండినచో ఏమయ్యెడిది?

ఆ నిజామియా వేధశాలయే ప్రపంచములోని వేధశాలలు పంచుకొన్న ఆకాశ చిత్రణ మహాకార్యములో పాలుగొని, ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను ఫోటో పలకలనుండి కొలిచెను. 1887లో పారిస్ నగరమున సంకల్పింపబడిన ఆ కార్యములో పటముల కొరకు ఒకే పలకపై మూడు మారులు, కొంచెము కొంచెము జరిపి, చిత్రము తీయు నియమ ముండెను. నిజమైన నక్షత్రము మూడు చుక్కల చిన్న త్రిభుజముగా పడును. పలకలోని మచ్చ ఒంటరిగా మిగులును. ఒక్క సాక్షి చాలడన్న సూత్రము అంత పాతది.

మరియొక ఉదాహరణము. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2లోని విక్రమ్ చంద్రునిపై కూలిపోయెను. అమెరికా ఉపగ్రహము తీసిన చిత్రములు అందరికి అందుబాటులో నుంచబడినవి. చెన్నైలోని ఇంజనీరు షణ్ముగ సుబ్రహ్మణియన్ ఆ ప్రదేశపు పాత చిత్రమును, క్రొత్త చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి ఓపికతో పోల్చి, మునుపు లేని ఒక చిన్న తెల్లని చుక్కను గుర్తించెను. అది విక్రమ్ శకలమని ఆ డిసెంబరులో నాసా ధ్రువపరచెను. అతడు చిత్రమును సుందరముగా చేయలేదు. రెంటిని నిజాయితీతో చూచెను. మూల చిత్రములు చెక్కుచెదరకుండ ఉండుటచేతనే అది సాధ్యమయ్యెను.

దీనికి భిన్నమైనది 2023 మార్చిలో వెలువడిన వార్త. ఒక వ్యక్తి చంద్రుని చిత్రమును కావలెననియే చిన్నదిగా, మసకగా చేసి, చీకటిగదిలో కంప్యూటరు తెరమీద పెట్టి, ఒక ప్రసిద్ధ కంపెనీ ఫోనుతో దూరమునుండి తీసెను. తెరమీద లేని బిలములు ఫోను చిత్రములో వచ్చినవి! ఆ ఫోనులోని యంత్రబుద్ధి చంద్రుని ముందే నేర్చుకొనియుండి, చూచినదానికి బదులు తెలిసినదానిని వ్రాసినది. మేము చేతితో చేసిన పొరపాటును యంత్రము మనలను అడుగకయే చేయుచున్నది. చంద్రుని విషయములో దీనివలన కలుగు నష్టము స్వల్పమే. అదే యంత్రము రేపు రోడ్డు ప్రమాదపు సాక్ష్యమునకో, పొలపు గట్టు తగవునకో తీసిన చిత్రములో అట్లే చేసినచో?

కావున మీ ఇంటిలో చంద్రుని చిత్రమును తీయు పిల్లలకు నాలుగు మాటలు చెప్పుడు. అష్టమికి అటునిటు దినములలో తీయుడు. పలుమారులు తీసి పేర్చుడు. పదును పెట్టునప్పుడు అంచున తెల్లని దారము కనుపించిన క్షణమున చేయి వెనుకకు తీయుడు. మూల చిత్రమును ఎన్నడును చెరిపివేయకుడు. ఎవరైనను అడిగినచో చూపుటకు సిద్ధముగా నుండుడు.

చంద్రునికి మన పెద్దలు శశాంకుడని పేరు పెట్టిరి. కుందేలు గుర్తుగలవాడని అర్థము. అక్కడ కుందేలు లేదని, నల్లని శిలామైదానములు కలవని నేడు మనకు తెలియును. అయినను మచ్చను మచ్చగానే నిలిపి పేరు పెట్టిరి గాని తుడిచి చూపలేదు. నవాబుపేటలోని ఆ పాఠశాల గోడమీద నేడున్న చిత్రము కొంచెము మసకగానే యున్నది. అందులో నున్నదంతయు చంద్రునిమీద నున్నది. అది మాకు చాలును.